మీరు బీపీ మందుల గురించే అడిగారండి: ఒక టిఫిన్ హోటల్ యజమాని కేసు

గోదావరి ప్రాంతంలో ఒక మండల కేంద్రంలో ఫ్యామిలీ డాక్టరుగా ప్రాక్టీసు చేస్తున్నాను. నా ఓపీలో రోజూ కనీసం పదిమంది బీపీ వాళ్లుంటారు. వాళ్లలో ఎక్కువ మంది గురించి రాయడానికేమీ ఉండదు. మందు రాస్తాం, తగ్గుతుంది, మూడు నెలలకోసారి వస్తారు. ఈ కేసు రాస్తున్నది ఆరు నెలలు నేను దారి తప్పాను కాబట్టి. ఒక మందు సరిపోలేదని రెండోది, అది చాలలేదని మూడోది రాస్తూ పోయాను. అడగాల్సిన ప్రశ్న ఒకటి అడగలేదు. పేషెంటు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆయన్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

నేపథ్యం

ఆయనకి యాభై ఆరేళ్లు. పక్క ఊళ్లో చిన్న టిఫిన్ హోటలు. నాలుగు బల్లలు, ఒక పెద్ద ఇనుప పెనం. తెల్లవారుజామున మూడున్నరకి లేచి పొయ్యి వెలిగిస్తారు. ఐదింటి నుంచి పదిన్నర దాకా ఇడ్లీ, దోసె, పూరీ. మధ్యాహ్నం గంటన్నర కునుకు. మళ్లీ నాలుగింటి నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా పునుగులు, బజ్జీలు, దోసెలు. ముప్పై ఏళ్లుగా ఇదే. సిగరెట్టు, చుట్ట అలవాటు లేదు. మందు ఎప్పుడో పండక్కో పబ్బానికో. బరువు 88 కిలోలు, ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. గురక పెడతారని భార్య చెప్పారు. తండ్రికి అరవై ఒకటో ఏట పక్షవాతం వచ్చి మూడేళ్లు మంచంలో ఉండి పోయారు.

ఆరేళ్ల కిందట ఒక మెడికల్ క్యాంపులో బీపీ ఉందని చెప్పి మాత్రలిచ్చారట. నాలుగు నెలలు వాడారు. "నార్మల్‌కి వచ్చేసిందండి, ఆపేశాను" అన్నారు. నార్మల్‌కి తెచ్చింది ఆ మాత్రే కదా అని అనబోయి ఊరుకున్నాను. అప్పటికి ఆయన నొప్పితో దవడ పట్టుకుని కూర్చుని ఉన్నారు. పాఠం చెప్పే సమయం కాదది.

పన్ను కోసం వచ్చారు

ఆయన వచ్చింది బీపీకి కాదు. కింది దవడ పన్ను పుచ్చి పది రోజులుగా నొప్పి. తీయించుకుందామని డెంటిస్టు దగ్గరికి వెళ్తే బీపీ చూసి, 196/112 ఉంది, తగ్గించుకుని రండి అని పంపేశారు. నేరుగా నా దగ్గరికొచ్చారు.

"రేపటికి తగ్గిపోవాలండి. ఏదో ఒక ఇంజక్షనిచ్చెయ్యండి డాక్టరమ్మగారూ. ఆదివారం పెళ్లి ఆర్డరుంది."

పది నిమిషాలు కూర్చోబెట్టి రెండు చేతులకీ చూశాను. కుడి చేతికి 188/108, ఎడమ చేతికి 184/106. ఛాతీ నొప్పి లేదు, ఆయాసం లేదు, చూపు బాగుంది, మాట తడబడడం లేదు, కాళ్లూ చేతుల్లో పట్టు బాగానే ఉంది.

ఇక్కడ మొదటి నిర్ణయం. గబగబా దించాలా? నేను హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో నిఫెడిపిన్ క్యాప్సూల్‌కి సూదితో చిల్లు పెట్టి నాలుక కింద పిండడం చూశాను. అంకె పది నిమిషాల్లో పడిపోయేది, అందరికీ సంతోషం. కానీ ఏళ్ల తరబడి ఎక్కువ ఒత్తిడికి అలవాటు పడ్డ మెదడు రక్తనాళాలు ఆ హఠాత్తు పతనాన్ని తట్టుకోలేవు. రక్తం అందక పక్షవాతమో గుండెపోటో రావచ్చు. అందుకే ఆ పద్ధతి వద్దని చెప్పి చాలా ఏళ్లయింది. గుండె, మెదడు, కిడ్నీ, కన్ను అప్పటికప్పుడు దెబ్బతింటున్న లక్షణాలుంటే అది ఎమర్జెన్సీ, ఆస్పత్రిలో చేర్చాలి. అవి లేనప్పుడు అంకె ఎంత పెద్దదైనా నింపాదిగా, వారాల మీద దించాలి.

ఇదంతా ఆయనకి ఎలా చెప్పడం? "బాబాయ్ గారూ, పెనం బాగా కాగిపోతే ఏం చేస్తారు? నీళ్లు చిలకరిస్తారా, బిందెడు కుమ్మరిస్తారా?" అన్నాను.

"చిలకరిస్తామండి. కుమ్మరిస్తే పెనం పగిలిపోద్ది."

"ఇదీ అంతే." ఇంజక్షను మాట మళ్లీ ఎత్తలేదు.

రెండో ప్రశ్న, ఇది పంటి నొప్పి వల్ల తాత్కాలికంగా పెరిగిన బీపీయా, పాతదా? నొప్పికీ భయానికీ బీపీ పెరుగుతుంది, నిజమే. అందుకే ఈసీజీ, రక్త పరీక్షలు చేయించాను. ఈసీజీలో గుండె ఎడమ జఠరిక మందమెక్కిన ఛాయలు. మూత్రంలో పోకూడని ఆల్బుమిన్ అనే ప్రోటీను 1+. కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 1.1, పొటాషియం 4.2, పరగడుపు షుగరు 114. గుండె గోడ పది రోజుల పంటి నొప్పికి మందమెక్కదు. ఆరేళ్ల కిందటి బీపీ ఎక్కడికీ పోలేదు, ఆయనే దాన్ని మరిచిపోయారు.

పై అంకె 160 దాటిన వాళ్లకి ఒక్క మందు చాలడం అరుదు. ఒకే మందు డోసు పెంచుకుంటూ పోయే కంటే రెండు మందులు తక్కువ డోసులో కలిపితే పని బాగా జరుగుతుంది, ఇబ్బందులు తక్కువ. రెండూ ఒకే బిళ్లలో ఉంటే మరిచిపోయే అవకాశమూ తగ్గుతుంది. అందుకని టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 5 కలిసిన బిళ్ల ఉదయం పూట రాశాను. ఆమ్లోడిపిన్ ఒంట్లో పూర్తిగా కుదురుకోవడానికి వారం పైనే పడుతుంది, మూడో రోజే తగ్గలేదని కంగారు పడొద్దని చెప్పాను. పంటి నొప్పికి అప్పటికి ఏదో మాత్ర వాడుతున్నారు. అది ఆపి పారాసిటమాల్ రోజుకి మూడుసార్లు వేసుకోమన్నాను.

కేస్ షీట్‌లో ఆ రోజు నేను రాసుకున్న వాక్యం ఇది: "పంటి నొప్పికి నొప్పి మాత్రలు. పన్ను తీశాక అవసరం ఉండదు." ఈ వాక్యం దగ్గరికి మళ్లీ వస్తాను.

మూడు వారాలకి 156/94కి దిగింది. డెంటిస్టు పన్ను తీసేశారు. నేను బాగానే చేశాననుకున్నాను. ఆయన పనైపోయింది కాబట్టి పది వారాలు కనబడలేదు.

చేసినవి, పనిచేయనివి

తిరిగొచ్చినప్పుడు 172/100. మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగాను. "ఆయ్, వేసుకుంటున్నానండి" అన్నారు, ఏమాత్రం తడుముకోకుండా. గోదావరి 'ఆయ్'లో మర్యాద పాలెంత, ఒప్పుకోలు పాలెంత అన్నది ఇక్కడే పుట్టి పెరిగిన నాకు తెలియాలి. తెలిసినా నమ్మేశాను.

ఆమ్లోడిపిన్ 10కి పెంచాను. రెండు వారాలకి చీలమండలు వాచాయి. ఈ మందు డోసు పెంచితే వచ్చే వాపు మామూలే, పైగా ఈయన రోజుకి పది గంటలు నిలబడే మనిషి. తప్పు నాదే, ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు కాబట్టి కాళ్లల్లో నీరు పట్టింది, కిడ్నీ పాడవుతోందని ఎవరో అన్న మాట నమ్మి, ఆయన తనంతట తాను రోజు విడిచి రోజు వేసుకోవడం మొదలుపెట్టారు. మళ్లీ 5కే తెచ్చాను.

తర్వాత క్లోర్తాలిడోన్ 12.5 కలిపాను. మూత్రం ద్వారా ఉప్పునీ నీటినీ బయటికి పంపే మందు, చవక, ఉప్పెక్కువ తినే మన వాళ్లకి బాగా పనిచేస్తుంది. లెక్క ప్రకారం సరైన అడుగే. కానీ ఆయన హోటల్లో బాత్రూము లేదు. వెళ్లాలంటే వెనక చేలగట్టు దాటాలి. పెనం మీద ఆరు దోసెలు పెట్టుకుని మనిషి ఎలా వెళ్తాడు? ఆదివారాలూ సంత రోజులూ ఆ మాత్ర మానేసేవారు. ఇదీ నాకు తర్వాతే తెలిసింది.

ఈలోగా ఇంకో సంగతి తట్టింది. ముప్పై ఏళ్లు పిండి రుబ్బి, గిన్నెలెత్తిన చేతులవి. టేపుతో కొలిస్తే దండ, అంటే మోచేతి పైభాగం, చుట్టుకొలత 36 సెంటీమీటర్లు. బీపీ చూడ్డానికి చేతికి చుట్టే పట్టీ నా దగ్గరున్నది మామూలుది, 34 దాకానే సరిపోతుంది. చిన్న పట్టీతో లావు చేతికి చూస్తే అంకె ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. పెద్ద పట్టీ తెప్పించి రెండింటితోనూ చూశాను. మామూలు దానితో 174, పెద్దదానితో 164. అంటే పది నా పట్టీ ఖాతాలోది. మిగతాది ఆయనదే. అప్పటి నుంచి కొత్త పేషెంటు ఎవరొచ్చినా ముందు దండ కొలుస్తాను. ఇన్నేళ్లలో ఎంతమందికి లేని బీపీకి మందు రాశానో అన్న ఆలోచన ఒక రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

హైదరాబాదులో ఉన్న కొడుకు బీపీ మిషను కొని పంపాడు. మంచిదే అనుకున్నాను. వారానికి ఆయన తెచ్చిన లెక్కల పుస్తకంలో 84 రీడింగులున్నాయి. తెల్లవారుజామున మూడు నలభైకి ఒకటి, పూరీ కూర మాడినప్పుడు ఒకటి, గిరాకీతో గొడవైనప్పుడు మూడు. 150 కనబడితే టెన్షన్, ఆ టెన్షన్‌లో మళ్లీ చూస్తే 165. మిషను మంచిదే, వాడే పద్ధతి నేను చెప్పలేదు. నాకు చూపించడానికి వచ్చే ముందు వారం రోజులే చూడాలి. పొద్దున రెండు, సాయంత్రం రెండు. కాఫీ తాగిన అరగంట దాకా వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, కాళ్లు నేలకి ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని అప్పుడు చూడాలి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీస్తాం. ఇంట్లో సగటు 135/85 దాటితేనే ఎక్కువ అని లెక్క. మిగతా రోజుల్లో మిషను బీరువాలో ఉంచమన్నాను.

ఉప్పు గురించి కూడా మాట్లాడాను. "ఇంట్లో తక్కువే తింటానండి" అన్నారు. నిజమే కావచ్చు. కానీ హోటల్లో? సాంబారు, మూడు రకాల చట్నీలు, పునుగుల పిండి, అన్నీ రుచి చూసేది ఆయనే. అరచేతిలో వేసుకుని నాలిక్కి రాసుకునేది రోజుకి ఎన్నిసార్లో. ఆ పైన మధ్యాహ్నం పెరుగన్నంలో ఊరమిరపకాయలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది రోజుకి 5 గ్రాముల లోపు, అంటే చెంచా లోపు. రుచి చూసే పని భార్యకి అప్పగించమన్నాను. నవ్వేసి ఊరుకున్నారు.

ఆరో నెల

మూడు మందుల మీద 166/98. ఇంటి సగటు 158/95. రొటీన్‌గా చేయించిన రక్త పరీక్షలో క్రియాటినిన్ 1.6, పొటాషియం 5.2.

ఇప్పుడు నిజంగా భయమేసింది. మూత్రం మందుతో కలిపి మూడు మందులు సరైన డోసులో వాడుతున్నా తగ్గకపోతే దాన్ని మొండి బీపీ అంటాం. అలాంటప్పుడు వెనక వేరే జబ్బేమైనా ఉందా అని వెతకాలి. కేస్ షీట్ మీద నా ఆలోచనలు వరసగా రాసుకున్నాను. టెల్మిసార్టాన్ మీద ఉన్నప్పుడు క్రియాటినిన్ ఇలా పెరిగితే కిడ్నీకి వెళ్లే ధమని సన్నబడిందేమో చూడాలి. అడ్రినల్ గ్రంథి నుంచి ఆల్డోస్టెరాన్ ఎక్కువైతే కూడా మొండి బీపీ వస్తుంది, కానీ అందులో పొటాషియం తగ్గొచ్చు గానీ పెరగదు, ఈయనకి పెరిగింది. గురక ఉంది కాబట్టి నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కూడా ఉండొచ్చు. కిడ్నీ డాక్టరుకి ఉత్తరం రాయడం మొదలుపెట్టాను.

ఉత్తరంలో ప్రస్తుతం వాడుతున్న మందులన్నీ రాయాలి. ఆయన్ని అడిగాను, ఇంకేమైనా మందులు వాడుతున్నారా అని. "ఇంకేం లేవండి." ఇదే ప్రశ్న, ఇదే జవాబు కేస్ షీట్‌లో అప్పటికే మూడుసార్లు ఉంది. ఎందుకో చెయ్యాడలేదు. ఒకే ప్రశ్నకి నాలుగోసారి అదే జవాబొస్తే ప్రశ్న మార్చాలి కదా. ఆయన భార్యకి ఫోన్ చేసి, "పిన్నిగారూ, ఇంట్లో హోటల్లో ఉన్న మందులన్నీ, ఎవరివైనా సరే, ఖాళీ అట్టలతో సహా పట్టుకురండి" అన్నాను.

సాయంత్రం ఆవిడ పాత బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి నా బల్ల మీద బోర్లించారు.

నేను రాసిన బిళ్లల అట్టల్లో మిగలకూడని తొమ్మిది మిగిలాయి. క్లోర్తాలిడోన్ ముప్పైలో పదిహేడు అలాగే ఉన్నాయి. ఆవిడ బీపీకి 104 బండిలో ఇచ్చే ఆమ్లోడిపిన్ అట్ట ఒకటి. ఈయనవి అయిపోయిన రోజున అందులోంచి ఒకటి వేసుకుంటారట. 2023లో రాష్ట్రంలో ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి పెట్టాక పీహెచ్‌సీ డాక్టరు కూడా ఊరికొచ్చి ఆవిణ్ని చూసేవారు. ఈయన ఎప్పుడూ ఆ వరసలో నిలబడలేదు, టిఫిన్ల వేళ కాబట్టి. గ్యాస్‌కి నీళ్లలో కలుపుకునే పొంగుపొడి పొట్లాలు పది. అందులో ఉండేదీ ఉప్పులోని సోడియమే.

ఆ కింద ఎసిక్లోఫినాక్, పారాసిటమాల్ కలిసిన మాత్రలు. మూడు ఖాళీ అట్టలు, ఒకటి సగం. ఆ పక్కనే కాగితం పొట్లంలో పేరూ ఊరూ లేని చిన్న తెల్ల బిళ్లలు.

"ఇవేంటి బాబాయ్ గారూ?"

"అవి మోకాళ్ల నొప్పికండి. పొద్దున్నొకటి రాత్రొకటి. మరీ ఎక్కువైతే ఆర్‌ఎంపీ గారిచ్చిన ఆ తెల్లవి నెలలో నాలుగైదు రోజులు."

"ఎన్నాళ్లుగా?"

"మూడేళ్ల పైనే ఉంటాదండి."

"మరి నేను అడిగినప్పుడు లేవన్నారు?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "మీరు బీపీ మందుల గురించే అడిగారు కదండీ. ఇవి నొప్పుల మాత్రలు."

తప్పు ఆయనది కాదు. మందు అంటే డాక్టరు చీటీ రాసి ఇచ్చేది. మెడికల్ షాపులో చెయ్యి చాపితే వచ్చేది మాత్ర. రెండూ ఒకటే అని ఆయనకెవరూ చెప్పలేదు. నేను "బీపీకి ఇంకేమైనా" అన్న ధోరణిలోనే అడిగి ఉంటాను. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా మోకాళ్ల గురించి అడగలేదు. 88 కిలోల మనిషి, ముప్పై ఏళ్లు పెనం ముందు నిలబడ్డ మనిషి, ఆ మోకాళ్లు నొప్పి పుట్టకుండా ఉంటాయా?

ఎక్కడ ముడి పడింది

కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని నాళాన్ని తెరిచి ఉంచడానికి ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తోడ్పడతాయి. ఎసిక్లోఫినాక్, డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వాటినే అడ్డుకుంటాయి. నొప్పి తగ్గేది అందుకే, కిడ్నీ ఉప్పునీ నీటినీ పట్టి ఉంచేదీ అందుకే. బీపీ పెరుగుతుంది, టెల్మిసార్టాన్ లాంటి మందుల పట్టు సడలుతుంది. దీని మీద ఇంకో చిక్కు. టెల్మిసార్టాన్ కిడ్నీలోంచి బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. క్లోర్తాలిడోన్ ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. నొప్పి మాత్ర లోపలికొచ్చే నాళాన్ని బిగిస్తుంది. మూడూ కలిస్తే వడపోతకి కావలసిన ఒత్తిడే ఉండదు. క్రియాటినిన్ 1.6 అయింది అలాగే. ఆ మూడింటిలో రెండు నేను రాసినవి. మూడోది మందుల షాపు నుంచి వచ్చింది. ఇక ఆ తెల్ల బిళ్లలు బహుశా స్టెరాయిడ్. అదీ బీపీని పెంచుతుంది, షుగరునీ పెంచుతుంది.

కేస్ షీట్ మొదటి పేజీ తిప్పాను. "పన్ను తీశాక అవసరం ఉండదు." బీపీ బాగా దిగిన ఆ మూడు వారాలు ఆయన పంటి కోసం రోజుకి మూడు పారాసిటమాల్ వేసుకున్నారు, మోకాళ్లకీ అదే సరిపోయింది, నొప్పి మాత్ర ముట్టలేదు. నా మందు పనితనం అనుకున్నదాంట్లో సగం అదే. ఆ ఆధారం మొదటి నుంచీ నా బల్ల మీదే ఉంది.

మార్చినవి, పనిచేసినవి

కిడ్నీ డాక్టరుకి ఉత్తరం చింపెయ్యలేదు, డ్రాయరులో పెట్టాను. రెండు వారాల గడువు పెట్టుకున్నాను. ధమని సన్నబడిందన్న అనుమానం ఇంకా కొట్టెయ్యలేం. కానీ పైసా ఖర్చు లేకుండా తేలిపోయే కారణం ఎదురుగా కనిపిస్తుంటే ముందు దాన్ని చూడాలి.

నొప్పి మాత్ర ఆపాను. పొంగుపొడి కూడా. క్లోర్తాలిడోన్, టెల్మిసార్టాన్ రెండూ తాత్కాలికంగా ఆపాను. క్రియాటినిన్ 1.1 నుంచి 1.6కి పెరిగితే అది మూడో వంతు కంటే ఎక్కువ, పొటాషియం కూడా పైకి చూస్తోంది, అలాంటప్పుడు వాటిని కొనసాగించడానికి ధైర్యం చాలలేదు. ఆమ్లోడిపిన్ 5 ఒక్కటే ఉంచాను. ఈ వారంలో బీపీ పెరగొచ్చని తెలుసు. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు కనిపిస్తే హోటలు వదిలేసి వచ్చెయ్యాలని భార్యాభర్తలిద్దరికీ చెప్పాను. స్టెరాయిడ్ల విషయంలో కాస్త ఆలోచించాల్సి వచ్చింది. రోజూ వారాల తరబడి వాడేవాళ్లకి అవి ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, మెల్లగా తగ్గించాలి. ఈయన నెలలో నాలుగైదు రోజులే కాబట్టి ఆపెయ్యమన్నాను. నీరసం, వాంతులు, కళ్లు తిరగడం ఉంటే వెంటనే చెప్పమన్నాను.

ఎనిమిదో రోజు: క్రియాటినిన్ 1.2, పొటాషియం 4.5. బీపీ 160/94.

మూడు మందులతో 166 ఉన్నది ఒక్క మందుతో 160. ఆ రెండంకెలూ పక్కపక్కన రాసి ఆయనకి చూపించాను. చాలాసేపు చూసి, "అయితే ఇన్నాళ్లూ మీరు నీళ్లు చిలకరిస్తుంటే నేను కింద మంట పెంచుతున్నానన్నమాట" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

టెల్మిసార్టాన్ 40 మళ్లీ కలిపాను. రెండు వారాలకి క్రియాటినిన్ 1.2 దగ్గరే నిలబడింది. ధమని అనుమానం అక్కడ చాలావరకు పోయింది, ఎందుకంటే అదే మందు మీద ఈసారి కిడ్నీ మొరాయించలేదు. తర్వాత టెల్మిసార్టాన్ 80, ఆమ్లోడిపిన్ 5 కలిసిన బిళ్లకి మార్చాను. క్లోర్తాలిడోన్ తిరిగి రాయలేదు. అది చెడ్డ మందని కాదు. బాత్రూము లేని చోట పనిచేసే మనిషికి అది కుదరదు.

ఉదయం పూట అని రాసింది కూడా నా తప్పే. మూడున్నరకి లేచిన మనిషికి ఉదయం అంటే ఏ గంట? 2022లో బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా పాల్గొన్న ఒక పరిశోధనలో బీపీ మాత్ర పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెపోటు, పక్షవాతాల్లో తేడా కనబడలేదు. కాబట్టి మరిచిపోని వేళే మంచి వేళ. మీరు రోజూ తప్పకుండా చేసే పనేంటని అడిగాను. సాయంత్రం నాలుగింటికి గల్లాపెట్టె మీద దేవుడి పటానికి అగరొత్తులు వెలిగించడం. ముప్పై ఏళ్లలో ఒక్కరోజు తప్పలేదు. అట్ట ఆ పటం వెనక పెట్టించాం. తర్వాతి నెల లెక్కేస్తే ఒక్క బిళ్ల కూడా మిగల్లేదు.

అసలు యుద్ధం మోకాళ్లతో. నొప్పికి దారి చూపించకుండా నొప్పి మాత్ర మానెయ్యమంటే వారంలో మళ్లీ షాపుకి వెళ్తారు. ఒంట్లోకి తక్కువగా వెళ్తుంది కాబట్టి పైపూత జెల్ రాశాను. నొప్పి బాగా ఉన్న రోజే పారాసిటమాల్ 650, రోజుకి రెండుకి మించకుండా. నీళ్లలో పొంగే రకం వద్దన్నాను, అందులోనూ సోడియమే. పారాసిటమాల్ కూడా పూర్తిగా అమాయకమైనదేం కాదు. 2022లో స్కాట్లండ్ డాక్టర్లు ప్రచురించిన ఒక ట్రయల్‌లో బీపీ ఉన్నవాళ్లకి రోజుకి 4 గ్రాముల చొప్పున ఇస్తే పై అంకె దాదాపు 5 పెరిగింది. తొడ కండరాలు గట్టిపడే వ్యాయామం రెండు రకాలు, మధ్యాహ్నం కునుకుకి ముందు. పెనం ముందు ఎత్తు స్టూలు వేసుకోమంటే ససేమిరా అన్నారు. "కూర్చుని దోసె పోస్తే జనం నవ్వుతారండి." మూడో వారం భార్యే స్టూలు కొని పెనం ముందు పెట్టేశారు. ఎవరూ నవ్వలేదు.

రుచి చూసే పని కూడా ఆవిడే తీసుకున్నారు. మొదట్లో నాలుగు రోజులు చట్నీలో ఉప్పు తగ్గిందని గిరాకీలు గొణిగారట, తర్వాత కుదురుకుంది. పొటాషియం కలిసిన తక్కువ సోడియం ఉప్పు వాడొచ్చా అని కొడుకు ఫోన్‌లో అడిగాడు. చాలామందికి మంచిదే. కానీ టెల్మిసార్టాన్ మీదున్న, పొటాషియం ఒకసారి 5.2కి చేరిన మనిషికి నేను వద్దన్నాను. ఊరమిరపకాయల మీద బేరం కుదరలేదు. వారానికి రెండు రోజుల దగ్గర ఆగింది.

ఆర్‌ఎంపీ గారిని ఒకసారి వెళ్లి కలిశాను. గొడవకి కాదు, ఆ తెల్ల బిళ్ల ఏమిటో తెలుసుకోవడానికి. డెక్సామెథాసోన్ అని దాచకుండా చెప్పారు. "నేనివ్వకపోతే ఇంకొకళ్లిస్తారండి, నొప్పి తగ్గితేగాని వీళ్లు పనిలోకి పోలేరు" అన్నారు. నా దగ్గర దానికి సిద్ధంగా జవాబు లేదు. బీపీ, షుగరు ఉన్నవాళ్లకి మాత్రం ఇవ్వకుండా నా దగ్గరికి పంపమని అడిగాను. ఇద్దరిని పంపారు ఇప్పటిదాకా.

నేను మార్చుకున్నవి

బీపీ తగ్గనప్పుడు కొత్త మందు రాయడానికి ముందు మూడు పనులు చేస్తున్నాను: దండ కొలవడం, మిగిలిన బిళ్లలు లెక్కపెట్టడం, డబ్బా బోర్లించడం. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా" అని అడగడం మానేశాను. "ఒంట్లో ఎక్కడ నొప్పి? దానికేం వేసుకుంటారు? గ్యాస్‌కి? నిద్రకి? జలుబుకి? నాటుమందేమైనా?" అని విడివిడిగా అడుగుతాను. అతిమధురం చూర్ణం కూడా బీపీ పెంచుతుంది, అదీ అడుగుతాను. దీనికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. వేసుకుంటున్నారా అని అడగడానికి బదులు, "కిందటి వారం ఎన్నిసార్లు మరిచిపోయారు? అందరం మరిచిపోతాం కదా" అంటాను. జవాబులు చాలా మారిపోయాయి. టెల్మిసార్టాన్ లాంటి మందూ మూత్రం మందూ కలిపి వాడే ప్రతివాళ్ల చీటీ మీదా నొప్పి మాత్రలు వద్దని ఎర్ర ఇంకుతో తెలుగులో రాస్తున్నాను. మందుల షాపువాళ్లు చదవాలని.

ప్రస్తుతం

పదకొండో నెలలో క్లినిక్‌లో 138/86, ఇంటి సగటు 129/81, క్రియాటినిన్ 1.1. సంక్రాంతి వారంలో 148 అయింది. ఏం తిన్నారో నేనడగలేదు, ఆయన చెప్పలేదు, రెండు వారాల్లో దిగింది. మూత్రంలో ఆల్బుమిన్ ఇంకా కొద్దిగా కనిపిస్తోంది. ఈసీజీ మారలేదు. పరగడుపు షుగరు 104.

గురక సంగతి తేలలేదు. నిద్ర పరీక్షకి పట్నం వెళ్లి ఒక రాత్రి ఉండాలంటే మర్నాడు పొద్దున ఇడ్లీ ఎవరు వేస్తారని అడుగుతున్నారు. కొడుకు దసరా సెలవులకి వస్తాడు, అప్పుడు చూద్దామన్నారు. కిడ్నీ డాక్టరు ఉత్తరం ఇంకా నా డ్రాయరులోనే ఉంది. పోయినసారి వచ్చినప్పుడు చెప్పకుండానే బిస్కెట్ల డబ్బా కూడా తెచ్చారు. అందులో బీపీ బిళ్లల అట్ట ఒకటి, పారాసిటమాల్ సగం అట్ట ఒకటి, అడుగున ఎసిక్లోఫినాక్ మాత్రలు రెండు.

"పెళ్లి ఆర్డరప్పుడు నాలుగు కొన్నానండి" అన్నారు, నేను అడగకముందే. "రెండే వేసుకున్నాను."